టీవీలో సీరియల్, ట్యాబ్‌లో మీ ఆట: కన్సోల్ బొమ్మను వైఫై మీద చేతికి తెచ్చుకోవడం ఎలా

రాత్రి ఏడు దాటిందంటే మన ఇళ్ళలో టీవీ అవ్వదో అమ్మదో అయిపోతుంది. వాళ్ళ సీరియల్ ఆపి మనం ఆడుకోవడం న్యాయమూ కాదు, జరిగే పనీ కాదు. ఇంట్లో టీవీ ఒక్కటే, మనం ఆటలాడే కన్సోల్ పెట్టె దానికే తగిలించి ఉంటుంది. దీనికి చక్కటి దారి ఉంది. కన్సోల్ తయారుచేసే తెర బొమ్మను ఇంటి వైఫై మీద ట్యాబ్‌కు తెప్పించుకుని, కంట్రోలర్ చేతిలో పెట్టుకుని ఇంకో గదిలో కూర్చుని ఆడొచ్చు. సోనీ ప్లేస్టేషన్‌లలో పీఎస్ 4, పీఎస్ 5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లలో వన్, సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ దేనితోనైనా కుదురుతుంది. ఇందుకు విడిగా డబ్బు కట్టాల్సిన పని లేదు.

చాలామంది ఒకసారి పెట్టి చూస్తారు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, బటన్ నొక్కిన కాసేపటికి గానీ ఆటలో మనిషి కదలడు. "మన కడప నెట్‌కు ఇది కాదులే" అని వదిలేస్తారు. అక్కడ తప్పు నెట్‌ది కాదు. ఇంట్లోనే ఆడేటప్పుడు ఆ బొమ్మ మీ గడప దాటదు. కన్సోల్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి ట్యాబ్‌కు వస్తుంది, అంతే. లాగిన్ కావడానికి నెట్ ఉండాలి గానీ, మీ ప్లాన్ 30 ఎంబీపీఎస్‌దా 300దా అన్నది ఇంట్లో ఆటకు పట్టదు. చూసుకోవాల్సింది బొమ్మ గాలిలో ఎన్నిసార్లు ప్రయాణం చేస్తోంది, ఆ గాలి ఎంత ఖాళీగా ఉంది అన్నదే. కింద చెప్పేవన్నీ దాన్ని సరిచేసుకునే పనులే.

ముందు లోపల జరిగేది తెలుసుకోండి

సెకనుకు 60 బొమ్మలు చూపే ఆటలో ఒక్కో బొమ్మ వంతుకు వచ్చేది 16.7 మిల్లీసెకన్లు. కన్సోల్ బొమ్మ గీస్తుంది, హెచ్.264 లాంటి పద్ధతిలో దాన్ని కుదిస్తుంది, ముక్కలుగా చేసి పంపుతుంది. ట్యాబ్ ఆ ముక్కలను అందుకుని, విప్పి, తెర మీద పెడుతుంది. మీరు దాన్ని చూసి బటన్ నొక్కితే ఆ కబురు అదే దారిలో వెనక్కి పోతుంది. ఇందులో ఎక్కడ ఆగినా మీ వేలికి తెలిసిపోతుంది.

యూట్యూబ్ ఇదే వైఫై మీద హాయిగా ఆడుతోంది కదా అని అడుగుతారు. యూట్యూబ్ వీడియో ముందే తయారై ఉంటుంది. అందుకే అది కొన్ని సెకన్ల భాగాన్ని ముందుగా తెచ్చి దాచుకుంటుంది, మధ్యలో సిగ్నల్ కాస్త తడబడినా మీకు తెలియదు. ఆటలో అలా దాచుకోవడానికి ఏమీ ఉండదు. మీరు నొక్కే బటన్‌ను బట్టే తర్వాతి బొమ్మ అప్పటికప్పుడు పుడుతుంది. కాబట్టి వీడియో బాగా ఆడే వైఫై అంతా ఆటకు పనికొస్తుందని అనుకోవద్దు.

ఈ పనిని ఒక ఇంటి కన్సోల్‌లో భాగంగా చక్కగా చేసి చూపింది నింటెండో. 2012 నవంబర్‌లో వచ్చిన వీ యూ కన్సోల్‌తో పాటు ఇచ్చిన గేమ్‌ప్యాడ్ చూడటానికి చిన్న ట్యాబ్‌లా ఉండేది. మధ్యలో 6.2 అంగుళాల తెర, 854 బై 480 చుక్కల బొమ్మ, రెండు వైపులా బటన్లు. ఈరోజు లెక్కలో ఆ బొమ్మ నాణ్యత తక్కువే. కానీ బటన్‌కూ బొమ్మకూ మధ్య ఆలస్యం దాదాపు తెలిసేది కాదు. కారణం, అది మీ ఇంటి రౌటర్‌ను ముట్టుకోనే ముట్టుకోదు. కన్సోలే 5 గిగాహెర్ట్జ్ (వైఫై నడిచే బ్యాండ్లలో ఒకటి, ఇంకోటి 2.4) మీద తన సొంత వైఫై లింకు పెట్టుకుని నేరుగా గేమ్‌ప్యాడ్‌తో మాట్లాడుతుంది. గాలిలో ఒకే మజిలీ, ఆ లింకు మీద ఇంకెవరి డౌన్‌లోడూ ఉండదు. పాత వీ యూ ఎవరి దగ్గరైనా దొరికి జత చేయాల్సి వస్తే, కన్సోల్ ముందున్న సింక్ బటన్ నొక్కండి. టీవీలో పేకముక్కల గుర్తులు నాలుగు వస్తాయి, వాటినే వరుసగా గేమ్‌ప్యాడ్ మీద నొక్కితే సరి. రౌటర్ పాస్‌వర్డుతో పని లేదు.

2023 నవంబర్‌లో సోనీ తెచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ కూడా చూపుకు అదే కోవలోది. 8 అంగుళాల తెర, 1080పీ బొమ్మ, సెకనుకు 60 దాకా. అయితే అది పీఎస్ 5 తో నేరుగా మాట్లాడదు, మీ ఇంటి వైఫై మీదనే ఆధారపడుతుంది. అందువల్ల పోర్టల్ కొన్నవాళ్ళకైనా, ఉన్న ట్యాబ్‌తో సరిపెట్టుకునేవాళ్ళకైనా ఇంట్లో చేయాల్సిన పని ఒకటే. వీ యూ తనంతట తాను చేసుకున్న ఏర్పాటును మనం మన రౌటర్‌తో చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు: కన్సోల్‌కు తీగ

తీగ లేని ఆటకు మొదటి మెట్టు తీగ అంటే వింతగా ఉంటుంది గానీ, మిగతా సలహాలన్నీ కలిపినా దీనంత పని చేయవు. కన్సోల్ కూడా వైఫైలో, ట్యాబ్ కూడా వైఫైలో ఉన్నాయనుకోండి. ప్రతి బొమ్మ కన్సోల్ నుంచి రౌటర్‌కు గాలిలో ఒకసారి, రౌటర్ నుంచి ట్యాబ్‌కు ఇంకోసారి ప్రయాణం చేయాలి. రెండూ ఒకే ఛానెల్‌లో ఉంటే ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది ఆగాలి. ఒక్క ట్రాక్టర్ పట్టే సందులో ఎదురెదురుగా రెండు వచ్చినట్టు అవుతుంది. కన్సోల్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపారంటే ఒక ప్రయాణం మొత్తం గాలి నుంచి తప్పుకుంటుంది. మిగిలేది ఒకే మజిలీ.

పాత పీఎస్ 4 ఉన్నవాళ్ళకు ఇది తప్పనిసరి. 2013లో వచ్చిన మొదటి పీఎస్ 4 కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంది, 5 లేదు. స్లిమ్, ప్రో మోడళ్ళలోనే అది వచ్చింది.

కేబుల్ క్యాట్ 6 తీసుకోండి, క్యాట్ 5ఈ అయినా చాలు. 100 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ ఉండదు. రౌటర్ లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా బాధపడొద్దు, ఈ బొమ్మకు కావాల్సింది అందులో చిన్న వాటానే. రౌటర్, టీవీ ఒకే గదిలో ఉంటే ఇది ఐదు నిమిషాల పని. వేరు వేరు గదుల్లో ఉంటే మాత్రం మన ఇళ్ళలో కొంత ఆలోచించాలి. రాతి గోడకు రంధ్రం కొట్టడం తేలిక కాదు. నాపబండ పరిచిన మిద్దె అయితే డ్రిల్లు తగిలి బండ పగిలే ప్రమాదమూ ఉంది. ముందు డిష్ కేబుల్ గానీ, ఏసీ పైపు గానీ వచ్చిన పాత రంధ్రం ఉందేమో వెతకండి. దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. లాన్ కేబుల్‌ను కొనకు ప్లగ్గు లేకుండా రంధ్రంలోంచి దూర్చి, తర్వాత ప్లగ్గు క్రింపు చేయించుకుంటే చిన్న రంధ్రమే సరిపోతుంది. సీసీ కెమెరాలు పెట్టేవాళ్ళ దగ్గర ఆ క్రింపింగ్ పనిముట్టు ఉంటుంది.

మిద్దె మీదుగా కేబుల్ తీయాల్సి వస్తే పీవీసీ పైపులో పెట్టి తీయండి. మన ఎండకు మామూలు కేబుల్ పైతొడుగు త్వరగా పెళుసై చిట్లుతుంది. ఇంకో సంగతి, బయట సాగే రాగి తీగ పిడుగుల కాలంలో ప్రమాదం. ఉరుములు మొదలైతే రెండు కొనల్లోనూ ప్లగ్గు పీకేయండి. వీలున్నంతవరకు ఇంటి లోపలి నుంచే తీయడం మేలని నా అభిప్రాయం, చూపుకు కాస్త బాగోలేకపోయినా సరే.

గోడలు, బీరువా, కూలర్

5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా పనిచేస్తుంది, కానీ గోడలకు తట్టుకోలేదు. 2.4 గోడలు దాటుతుంది గానీ దానిలో రద్దీ ఎక్కువ. ఈ మాట అన్ని ఊళ్ళకూ వర్తించేదే. మన దగ్గర గోడల సంగతి వేరు. పాత ఇళ్ళలో మూర మందం రాతి గోడలు ఉంటాయి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపైనా, నంద్యాల జిల్లాలో బేతంచెర్ల వైపైనా నాపరాయి చవగ్గా దొరుకుతుంది కాబట్టి గోడకూ కప్పుకూ నేలకూ అదే వాడారు. అలాంటి గోడ ఒక్కటి అడ్డం ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బాగా నీరసిస్తుంది, రెండు ఉంటే ఆట మీద ఆశ వదులుకోవాల్సిందే. కొత్త ఇళ్ళలో ఇటుక గోడ కాస్త నయం. అక్కడ అడ్డుపడేది పై అంతస్తుకు మధ్య ఉండే ఇనుప కడ్డీల స్లాబు.

కాబట్టి రౌటర్‌ను మీరు ఆడే గదికి నేరుగా కనిపించే చోటికి మార్చండి. పడసాలలో తలుపు ఎదురుగా, మనిషి ఎత్తులో, గోడకు కొట్టిన చిన్న చెక్క మీద పెడితే మంచిది. టీవీ వెనక, షోకేసు లోపల, ఇనుప బీరువా పక్కన పెట్టొద్దు. లోహం సిగ్నల్‌ను వెనక్కి కొడుతుంది. ఎండాకాలంలో కిటికీకి బిగించే ఇనుప కూలర్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఒళ్ళంతా రేకు, కడుపు నిండా నీళ్ళు, రెండూ సిగ్నల్‌కు శత్రువులే. మార్చిలో బాగా ఆడిన ఆట ఏప్రిల్‌లో తడబడుతోందంటే మధ్యలో కొత్తగా కూలర్ వచ్చి కూర్చుందేమో చూడండి.

రౌటర్ జరపడం కుదరకపోతే వైఫై రిపీటర్ కొనమని దుకాణంలో చెబుతారు. ఆటకు అది వద్దు. రిపీటర్ బొమ్మను గాలిలో అందుకుని మళ్ళీ గాలిలోనే పంపుతుంది. తీగతో తగ్గించుకున్న మజిలీ తిరిగి వచ్చి చేరుతుంది. దానికి బదులు ఇంట్లో మూలపడిన పాత రౌటర్ ఏదైనా ఉంటే, 5 గిగాహెర్ట్జ్ ఉన్నది అయితే, దాన్ని మీరు ఆడే గదిలో పెట్టి లాన్ కేబుల్‌తో పెద్ద రౌటర్‌కు కలపండి. పాత రౌటర్ సెట్టింగ్స్‌లో, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేయండి. పెద్ద రౌటర్ చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, అది ఇంకే పరికరానికీ వెళ్ళని చిరునామాగా చూసుకోండి. కేబుల్‌ను దాని వాన్ పోర్టులో (బయటి నెట్ తీగ పెట్టేది) కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. వాన్‌లో పెడితే ఆ రౌటర్ తన కింద వేరే నెట్‌వర్క్ తయారుచేసుకుంటుంది, ట్యాబ్‌లోని యాప్‌కు పక్క గదిలో ఉన్న కన్సోల్ కనిపించకపోవచ్చు.

రౌటర్‌లో మార్చాల్సినవి

నెట్ కనెక్షన్‌తో పాటు పెట్టిపోయే పెట్టెల్లో కొన్నిటికి 2.4 మాత్రమే ఉంటుంది. సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ కనిపించకపోతే, రెండూ ఉన్న రౌటర్ ఒకటి కొని దాని పక్కన పెట్టుకోవడం మంచి ఖర్చు. ఆ తర్వాత చేయాల్సినవి ఇవి.

2.4 కూ 5 కూ వేరు వేరు పేర్లు పెట్టండి. ఒకే పేరు ఉంటే ట్యాబ్ తనకు తోచినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతుంది, ఆ గెంతులో ఆట ఆగుతుంది. ట్యాబ్‌ను 5 పేరుకు మాత్రమే కలిపి, 2.4 పేరును మరచిపొమ్మని చెప్పండి. ఇంట్లో ఫోన్లు, స్మార్ట్ బల్బులు 2.4 లో ఉండనివ్వండి.

ఛానెల్‌ను ఆటో మీద వదలొద్దు. 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ ఒకటి ఎంచుకోండి. 52 నుంచి 144 మధ్యవి రాడార్లతో పంచుకునే ఛానెళ్ళు. రౌటర్‌కు రాడార్ అనిపించిందంటే నియమం ప్రకారం ఆ ఛానెల్ ఖాళీ చేసి వెళ్ళిపోవాలి, వెళ్ళేటప్పుడు మీ ఆటను అడగదు. వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఇది తప్పక చూడాలి. ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ అని ఉంటే 40 కి తగ్గించండి. వెడల్పు ఎక్కువైతే వేగం పెరుగుతుంది కానీ, పక్కింటివాళ్ళ రొద కూడా అంతే ఎక్కువగా తగులుతుంది. మనకు 15 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు, 400 అక్కర్లేదు.

అదే యాప్‌లో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో చూపిస్తుంది. మీరు కూర్చునే చోట మైనస్ 50 డీబీఎం దగ్గర ఉంటే చాలా బాగుంది, మైనస్ 65 దాకా పరవాలేదు, మైనస్ 75 అంటే చోటు మార్చుకోవాలి.

కన్సోల్‌లో, ట్యాబ్‌లో

పీఎస్ 5 లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ ప్లే అని వెళ్ళి "ఎనేబుల్ రిమోట్ ప్లే" ఆన్ చేయండి. తర్వాత సిస్టమ్‌లోనే పవర్ సేవింగ్ కింద రెస్ట్ మోడ్ (కన్సోల్ పూర్తిగా ఆగకుండా నిద్రపోవడం) ఫీచర్లలో "స్టే కనెక్టెడ్ టు ది ఇంటర్నెట్", "ఎనేబుల్ టర్నింగ్ ఆన్ పీఎస్5 ఫ్రమ్ నెట్‌వర్క్" రెండూ ఆన్ చేయండి. ఇవి ఉంటేనే పక్క గది నుంచి కన్సోల్‌ను లేపగలరు. పీఎస్ 4 లో రిమోట్ ప్లే కనెక్షన్ సెట్టింగ్స్ అని సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, రెస్ట్ మోడ్ సంగతి పవర్ సేవ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఎక్స్‌బాక్స్‌లో డివైసెస్ అండ్ కనెక్షన్స్ కింద రిమోట్ ఫీచర్స్ ఆన్ చేసి, పవర్ మోడ్‌ను స్లీప్‌లో పెట్టండి.

ఇక అవ్వ సీరియల్‌కు సంబంధించిన ముఖ్యమైన సెట్టింగు. పీఎస్ 5 లేవగానే హెచ్‌డీఎంఐ ద్వారా టీవీకి కబురు పంపే సౌకర్యం ఒకటుంది. మీరు లోపలి గదిలో ట్యాబ్ తెరవగానే కొన్ని టీవీలు సీరియల్ మధ్యలోంచి గేమ్ తెరకు మారిపోతాయి. ఇంట్లో గొడవకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ లోకి వెళ్ళి "వన్ టచ్ ప్లే" ఆపేయండి.

ట్యాబ్‌లో పీఎస్ రిమోట్ ప్లే యాప్ వేసుకుని, కన్సోల్‌లో ఉన్న అకౌంటుతోనే లాగిన్ కావాలి. కన్సోల్ దానంతట అది దొరక్కపోతే కన్సోల్‌లో రిమోట్ ప్లే కింద "లింక్ డివైస్" నొక్కితే ఎనిమిది అంకెల నంబరు వస్తుంది, దాన్ని యాప్‌లో కొట్టండి. మొదటిసారి ఆడే ముందు యాప్ సెట్టింగ్స్‌లో బొమ్మ నాణ్యతను 720పీ కి పెట్టండి. 8, 10 అంగుళాల తెర మీద 720కీ 1080కీ తేడా మీరు వెతికితే తప్ప కనిపించదు, ఆలస్యంలో తేడా మాత్రం వెతక్కుండానే తెలుస్తుంది. అన్నీ కుదురుకున్నాక కావాలంటే 1080కి పెంచుకోండి. దానికి పీఎస్ 5 గానీ పీఎస్ 4 ప్రో గానీ ఉండాలి.

కంట్రోలర్‌ను ట్యాబ్‌కు జత చేయడానికి పీఎస్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌లో క్రియేట్ బటన్, పీఎస్ బటన్ కలిపి లైటు టపటపా కొట్టుకునేదాకా నొక్కి పట్టండి. పీఎస్ 4 కంట్రోలర్‌కైతే షేర్, పీఎస్ బటన్లు. తర్వాత ట్యాబ్ బ్లూటూత్‌లో ఎంచుకోండి. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. బ్లూటూత్ నడిచేది కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీదే. ట్యాబ్ వైఫై 2.4 లో ఉంటే బొమ్మ, బటన్ రెండూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. బొమ్మ బాగానే ఉన్నా బటన్లు మాత్రం తప్పిపోతున్నాయంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ట్యాబ్ 5 కి మారితే ఆ చిక్కు పోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఇంకో భారం. వాటి శబ్దం బొమ్మ కంటే వెనకబడి వస్తుంది కూడా. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

ట్యాబ్‌లో బ్యాటరీ సేవర్ ఆపండి. లొకేషన్ సెట్టింగ్స్‌లో "వైఫై స్కానింగ్" అని ఉంటుంది, అదీ ఆపండి. అది ఆన్‌లో ఉంటే ట్యాబ్ మధ్య మధ్యలో చుట్టూ ఏ వైఫైలు ఉన్నాయో వెతకడానికి పోతుంది, ఆ క్షణంలో బొమ్మ ఆగుతుంది. ఏదో గడియారం పెట్టినట్టు సరిగ్గా ఇంత సేపటికొకసారి ఆట జర్కు కొడుతోందంటే కారణం చాలాసార్లు ఇదే అవుతుంది.

ట్యాబ్‌ను చేతిలో పట్టుకుని కంట్రోలర్ కూడా పట్టుకోవడం కుదరదు. మంచం మీద ఆడేవాళ్ళు మెడ వంచి చూడకుండా, కళ్ళ ఎత్తుకు వచ్చే స్టాండు ఒకటి పెట్టుకోండి. రెండు పక్కలా సాగి ట్యాబ్‌ను మధ్యలో పట్టుకునే కంట్రోలర్లు కూడా దొరుకుతాయి. కొనే ముందు మీ ట్యాబ్ పొడవు అందులో పడుతుందో లేదో కొలిచి చూసుకోండి, ఎక్కువ మోడళ్ళు ఫోన్ల కోసమే చేసినవి.

ఆడకముందే పరీక్ష

ట్యాబ్‌లో పింగ్ చేసే యాప్ ఏదైనా వేసుకుని, మీరు ఆడే చోట కూర్చుని, రౌటర్ చిరునామాకు కొంతసేపు పింగ్ పంపండి. పింగ్ అంటే చిన్న కబురు, అది పోయి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో యాప్ చూపిస్తుంది. సగటు అంకెను చూసి సంబరపడొద్దు. 3, 4, 3, 5 అంటూ పోతూ మధ్యలో ఒక్కసారి 120 అని వచ్చిందా, మీ ఆటను పాడుచేసేది ఆ 120. నిలకడగా 8 వచ్చినా ఆడుకోవచ్చు, మధ్యమధ్య ఎగిరిపడే 3 తో ఆడలేరు. ఎగిరిపడుతుంటే గది తలుపు తీసి చూడండి, చోటు జరగండి, ఛానెల్ మార్చండి. ఒకసారికి ఒకటే మార్చి మళ్ళీ పింగ్ చూడండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

అన్నీ సరిగ్గా ఉన్నా టీవీలో ఆడినంత చురుకు ట్యాబ్‌లో రాదు. కుదించి, పంపి, విప్పడానికి కొంత సమయం పట్టి తీరుతుంది. కథతో సాగే ఆటలు, తిరుగుతూ వెతికే ఆటలు, ఫుట్‌బాల్ మేనేజర్ తరహావి ఏ లోటూ లేకుండా ఆడొచ్చు. క్రికెట్ గేమ్‌లో ఫాస్ట్ బౌలింగ్‌కు టైమింగ్ కుదరాలంటే మాత్రం కొంచెం ముందుగా నొక్కడం అలవాటు చేసుకోవాలి. ఫైటింగ్ గేములు, ఆన్‌లైన్ షూటింగ్ పోటీలు టీవీ ఖాళీగా ఉన్నప్పటికి ఉంచుకోండి.

ఎండ, కరెంటు

పీఎస్ 5 కు సోనీ చెప్పే పని ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. కడప, కర్నూలు, అనంతపురం మూడు చోట్లా మే నెలలో బయట 40 దాటుతుంది, మిద్దె కింద గది సాయంత్రానికి కూడా చల్లబడదు. మీరు కూలర్ ఉన్న గదిలో ట్యాబ్‌తో హాయిగా ఉంటారు, కన్సోల్ మాత్రం పడసాలలో మూసిన షోకేసులో ఉడికిపోతుంటుంది. పక్కన ఉండరు కాబట్టి దాని ఫ్యాను అరుపు మీకు వినపడదు. అందుకే ఇలా ఆడేవాళ్ళు కన్సోల్‌ను షోకేసు నుంచి బయటికి తీసి, వెనకా పక్కలా గాలి ఆడేలా పెట్టాలి. సిమెంటు ఫ్యాక్టరీల పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు గాలి రంధ్రాల దుమ్మును తరచుగా, కన్సోల్ పూర్తిగా ఆపి ప్లగ్గు తీసిన తర్వాత, శుభ్రం చేసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు కన్సోల్ ఒక్కటే ఇన్వర్టర్ మీద ఉంటే సరిపోదు. రౌటర్, ఫైబర్ పెట్టె కూడా దాని మీదే ఉండాలి, లేదా రౌటర్‌కు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనుక్కోవాలి. కొనేటప్పుడు మీ అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్చి ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటుకే కన్సోల్ ఆరిపోవచ్చు. ఇలా ఆడేటప్పుడు టీవీ ఆన్‌లో ఉండాల్సిన పని లేదు కాబట్టి ఇన్వర్టర్ మీద ఆ భారమూ తగ్గుతుంది.

ఊరెళ్ళినప్పుడు

కన్సోల్ కడపలో ఉంచి ప్రొద్దుటూరులో అవ్వ వాళ్ళింటి నుంచి కూడా ఇదే యాప్‌తో ఆడొచ్చు. ఇప్పుడు మాత్రం నెట్ స్పీడ్ లెక్కలోకి వస్తుంది, అదీ మీ ఇంటి అప్‌లోడ్ స్పీడ్. సోనీ చెప్పేది కనీసం 5 ఎంబీపీఎస్, బాగుండాలంటే 15. అక్కడ మీరు మొబైల్ డేటా వాడుతుంటే ముందు లెక్క వేసుకోండి. 15 ఎంబీపీఎస్ అంటే గంటకు 6.75 జీబీ. 5 ఎంబీపీఎస్‌కు తగ్గించుకున్నా గంటకు 2.25 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్ గంటలోపే అయిపోతుంది. అక్కడ వైఫై ఉంటేనే ఆడండి, లేదా యాప్‌లో మొబైల్ డేటాకు నాణ్యతను అన్నిటికంటే కిందికి దించి పెట్టుకోండి.

బయలుదేరే ముందు కన్సోల్‌ను రెస్ట్ మోడ్‌లో పెట్టి, అది పెట్టాక ట్యాబ్‌ను వైఫై నుంచి తీసి మొబైల్ డేటా మీద ఒకసారి కలిసి చూడండి. ఇంట్లో ఉండగానే కలవకపోతే ఊళ్ళో కూడా కలవదు. కలిస్తే, టీవీ దగ్గరి మెయిన్ స్విచ్చి రాత్రి ఆపొద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పి వెళ్ళండి. కరెంటు తెగి పూర్తిగా ఆరిపోయిన కన్సోల్‌ను దూరం నుంచి లేపడం కుదరదు, ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కాల్సిందే.